పద్యాన్ని విప్పి చదవడం: ఛందస్సు, యతిప్రాసలు, ఆవృత్తి

పద్య విశ్లేషణ అంటే ఒక పద్యం ఏ నడకలో సాగుతోందో, ఏ అక్షరానికి ఏ అక్షరం జతకట్టిందో, ఏ మాట ఎన్నిసార్లు తిరిగి వస్తోందో గుర్తించి, ఆ మూడూ కలిసి అర్థానికి ఏం చేశాయో చెప్పడం. మొదటిది ఛందస్సు, రెండోది యతిప్రాసలు, మూడోది ఆవృత్తి. తెలుగులో ఈ విద్యకు వెయ్యేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. శాసనాలు, లక్షణ గ్రంథాలు, అవధానాలు, బడి పుస్తకాలు, పోటీ పరీక్షలు, ఈనాటి కంప్యూటర్ ఉపకరణాలు అన్నీ ఆ చరిత్రలో భాగమే. హైదరాబాదులో దోమలగూడ, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ పరిసరాల్లో ఈ విద్య సభల్లోనూ, గ్రంథాలయాల్లోనూ, తరగతి గదుల్లోనూ ఇప్పటికీ నిత్య వ్యవహారంగా ఉంది.

చరిత్ర

తెలుగు పద్యం కావ్యాల కంటే ముందు రాళ్ళ మీద కనిపిస్తుంది. క్రీ.శ. 848 నాటిదిగా నిర్ణయించిన పండరంగని అద్దంకి శాసనంలో తరువోజ అనే ఛందంలో పద్యం ఉంది. కరీంనగర్ ప్రాంతంలోని కుర్క్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద, కన్నడ ఆదికవి పంపని తమ్ముడు జినవల్లభుడు 10వ శతాబ్దంలో వేయించిన శాసనంలో సంస్కృత, కన్నడ పద్యాలతో పాటు మూడు తెలుగు కంద పద్యాలు ఉన్నాయి. తెలంగాణ గడ్డ మీద కందం నడక నన్నయ భారతానికి ముందే స్థిరపడిందనడానికి ఇది గట్టి సాక్ష్యం.

తెలుగులో తొలి ఛందోగ్రంథంగా చాలామంది చెప్పే కవిజనాశ్రయం మల్లియ రేచన పేరుతో ప్రసిద్ధం. తర్వాత అనంతుడి ఛందోదర్పణం, 17వ శతాబ్దంలో కాకునూరి అప్పకవి రాసిన అప్పకవీయం వచ్చాయి. యతిప్రాసల మీద వాదం వస్తే పండితులు ఈనాటికీ ముందుగా తీసే పుస్తకం అప్పకవీయమే. 1827లో సి.పి. బ్రౌన్ తెలుగు, సంస్కృత ఛందస్సుల మీద ఇంగ్లీషులో పుస్తకం వేశాడు. 20వ శతాబ్దంలో రావూరి దొరసామిశర్మ, కోవెల సంపత్కుమారాచార్య, చేకూరి రామారావు (చేరా) ఈ శాస్త్రాన్ని విశ్వవిద్యాలయ పరిశోధన స్థాయికి తెచ్చారు.

గురులఘువులు, గణాలు

విశ్లేషణకు మొదటి మెట్టు గురులఘువులు గుర్తించడం. దీర్ఘాక్షరం గురువు. సున్న, విసర్గ, పొల్లు ఉన్న అక్షరం గురువు. సంయుక్తాక్షరానికి, ద్విత్వాక్షరానికి ముందున్న అక్షరం కూడా గురువే. మిగిలినవి లఘువులు. గురువుకు రెండు మాత్రలు, లఘువుకు ఒకటి. ఇక్కడ విద్యార్థులు తరచు తప్పే చోటు ఒకటుంది. ‘మంచి స్నేహం’ అన్నప్పుడు ‘స్నే’ సంయుక్తమే అయినా, రెండూ విడి మాటలు కనుక ‘చి’ లఘువుగానే ఉంటుంది. సంస్కృత సమాసం లోపలైతే ముందక్షరం గురువవుతుంది.

మూడేసి అక్షరాల గణాలు ఎనిమిది. ‘యమాతారాజభానసలగం’ అనే సూత్రంలో ఏ అక్షరం దగ్గర మొదలుపెట్టి మూడక్షరాలు తీసుకుంటే ఆ పేరు గల గణం వస్తుంది. ‘యమాతా’లో లఘువు, గురువు, గురువు, అది యగణం. ‘భానస’లో గురువు, లఘువు, లఘువు, అది భగణం. వృత్తాలు ఈ గణాల మీద నడుస్తాయి. ఉత్పలమాలలో భ, ర, న, భ, భ, ర, వ (లఘువు, గురువు) గణాలు, 20 అక్షరాలు; యతి 10వ అక్షరం. చంపకమాలలో న, జ, భ, జ, జ, జ, ర గణాలు, 21 అక్షరాలు. యతి 11వ అక్షరం. ఈ రెంటికీ దగ్గరి చుట్టరికం ఉంది. ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులుగా విడదీస్తే చంపకమాల వస్తుంది. శార్దూలం మొదటి గురువును అలాగే విడదీస్తే మత్తేభం వస్తుంది. యతిస్థానం 13 నుంచి 14కు జరగడానికి కారణం కూడా అదే. ఈ సంగతి తెలిస్తే నాలుగు వృత్తాలను విడివిడిగా బట్టీ పట్టే పని సగం తగ్గుతుంది.

జాతులు, ఉపజాతులు సూర్య, ఇంద్ర గణాల మీద నడుస్తాయి. నగణం, గలము (గురువు, లఘువు) అనేవి సూర్యగణాలు. భ, ర, త, నల, నగ, సల అనే ఆరూ ఇంద్రగణాలు (ఇక్కడ ‘ల’ అంటే లఘువు, ‘గ’ అంటే గురువు). ద్విపద, తేటగీతి, ఆటవెలది, సీసం ఈ కుటుంబానివి. పాల్కురికి సోమనాథుడు బసవపురాణాన్ని ద్విపదలో నడిపింది పాడుకోవడానికి అది అనువుగా ఉంటుందనే. కందం దారి వేరు. అందులో ప్రతి గణమూ నాలుగు మాత్రలదే. రెండు, నాలుగు పాదాలు గురువుతోనే ముగియాలి.

పేటల పేర్లనే తీసుకుని చూస్తే ఈ లెక్క తేలిగ్గా పట్టుబడుతుంది. ‘చిక్కడపల్లి’లో గురువు, లఘువు, లఘువు, గురువు, లఘువు; భగణం మీద గలము. ‘దోమలగూడ’ కూడా అచ్చంగా అంతే. ద్విపద పాదంలో చివరి రెండు గణాలు ఇంద్ర, సూర్య గణాలు కనుక రెండు పేర్లూ పాదం చివర సరిగ్గా ఇముడుతాయి. ఒకదాని బదులు ఇంకోటి పెడితే నడక చెడదు. అయితే మూడో గణం మొదటి అక్షరం యతిస్థానం కాబట్టి ‘చి’ ఉన్న చోట ‘దో’ వస్తే యతి తప్పుతుంది. ‘అశోక్‌నగర్’ లఘువు, గురువు, లఘువు, గురువు. లఘువు వెంటనే గురువు వచ్చే మాట సూర్య, ఇంద్ర గణాల్లో దేనికీ తలగా నిలవదు. ఆ పేరును తేటగీతిలో పెట్టాలంటే ముందు మాటలోని అక్షరం ఏదో ఒకటి దానితో కలవాలి.

యతి

సంస్కృతంలో యతి అంటే పాదం మధ్య విరామం. తెలుగులో యతి అంటే పాదం మొదటి అక్షరానికి, నియమించిన స్థానంలోని అక్షరానికి మైత్రి. ఆ మైత్రిలో హల్లు, అచ్చు రెండూ చూడాలి. అ, ఆ, ఐ, ఔ ఒక జట్టు. ఇ, ఈ, ఎ, ఏ, ఋ ఒక జట్టు. ఉ, ఊ, ఒ, ఓ ఒక జట్టు. హల్లుల్లో ప్రతి వర్గంలోనూ మొదటి నాలుగు అక్షరాలు తమలో తాము కలుస్తాయి. ‘పా’కు ‘ప’, ‘బా’, ‘భ’ సరిపోతాయి, ‘పు’ సరిపోదు. కొన్ని పద్యాల్లో యతికి బదులు ప్రాసయతి వాడవచ్చు. అప్పుడు యతిస్థానం తర్వాతి అక్షరం పాదం రెండో అక్షరంతో కలవాలి. సంధిలో కలిసిపోయిన అచ్చుకు, హల్లుకు వేర్వేరుగా యతి చెల్లించే పద్ధతులూ ఉన్నాయి. అఖండయతి లాంటివాటి మీద లాక్షణికుల మధ్య వాదాలు ఎడతెగనివి.

యతి చెవికి చేసే పని చాలా పెద్దది. పొడుగైన వృత్త పాదంలో వినేవాడు దారి తప్పకుండా పాదం నడుమ మొదటి ధ్వని మళ్ళీ పలుకుతుంది. మంచి కవి చేతిలో యతిస్థానంలో పడిన మాట పద్యానికి ముఖ్యమైన మాటే అయి ఉంటుంది. కేవలం యతి కోసం తెచ్చి పెట్టిన మాట వెంటనే తెలిసిపోతుంది. పాతకాలం విమర్శకులు వ్యర్థపదం అని వేలెత్తి చూపింది ఇలాంటిదాన్నే.

ప్రాస

ఇంగ్లీషు పద్యంలో ప్రాస పాదం చివర ఉంటుంది. తెలుగు ప్రాసకు స్థానం పాదంలో రెండో అక్షరం. మొదటి పాదంలో రెండో అక్షరం ఏ హల్లో, మిగతా పాదాల్లోనూ అదే హల్లు రావాలి; అచ్చు మారవచ్చు. ద్విత్వమైతే ద్విత్వమే, సంయుక్తమైతే ఆ సంయుక్తమే రావాలి. ప్రాసకు ముందున్న మొదటి అక్షరం ఒక పాదంలో గురువైతే అన్నింటిలోనూ గురువే కావాలి. వృత్తాలకు, కందానికి, ద్విపదకు ప్రాస నియమం ఉంది. ఆటవెలది, తేటగీతి, సీసాలకు లేదు. పొరుగున తమిళంలో మొదటి అక్షరం కలవడాన్ని మోనై అని, రెండో అక్షరం కలవడాన్ని ఎదుగై అని అంటారు. మన యతిప్రాసలకు అవి దగ్గరి బంధువులు.

ఇందిరా పార్కు దారిలో నడిచేవాళ్ళను తలచుకుని, ఉదాహరణ కోసం కట్టిన ఒక ద్విపద:

తోటలో పాటలు తోడుగా వినగ
మాటకు మాటకు మధురిమ పెరుగు

మొదటి పాదం ‘తోటలో’ రగణం, ‘పాటలు’ భగణం, ‘తోడుగా’ రగణం, ‘వినగ’ నగణం. రెండో పాదం ‘మాటకు’ భగణం, మళ్ళీ ‘మాటకు’ భగణం, ‘మధురిమ’ నల, ‘పెరుగు’ నగణం. మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం సరిపోయాయి. యతి తో–తో, మా–మ. ప్రాసాక్షరం ‘ట’, దాని ముందు రెండు పాదాల్లోనూ గురువే. ‘పాటలు’లోని ‘ట’ నియమం అడిగింది కాదు. అదనంగా చేరిన సొంపు. ‘మాటకు మాటకు’ అన్న ఆమ్రేడితం వల్ల క్రమక్రమంగా పెరగడం అనే అర్థం వచ్చింది. నియమం, సొంపు, అర్థం ఈ మూడింటినీ వేరువేరుగా చెప్పగలగడమే విశ్లేషణ.

ఆవృత్తి

ఒక ధ్వని గానీ, మాట గానీ, పాదం గానీ తిరిగి రావడం ఆవృత్తి. ధ్వని స్థాయిలో దీన్ని శబ్దాలంకారాలుగా చెప్పారు. ఒకే హల్లు పలుమార్లు వస్తే వృత్త్యనుప్రాస. హల్లుల జంట అర్థభేదంతో వెంటవెంటనే వస్తే ఛేకానుప్రాస. అర్థం ఒకటే అయి తాత్పర్యం మారితే లాటానుప్రాస. అవే అక్షరాలు వేరే అర్థంతో వస్తే యమకం. ఒక పాదం చివరి మాటతో తర్వాతి పాదం మొదలైతే ముక్తపదగ్రస్తం. పాదాల చివర ఒకే ధ్వని నిలిస్తే అంత్యానుప్రాస. రగడలకు అది నియమమే.

మాట స్థాయిలో ఆవృత్తికి తెలుగువాడి పెద్ద ఆస్తి శతక మకుటం. సుమతి శతకంలో ప్రతి కందమూ ‘సుమతీ’ అన్న పిలుపుతో ముగుస్తుంది. ఆ మాట రెండు లఘువులు, ఒక గురువు; అంటే సగణం. కందం చివరి గణం గురువుతో ముగియాలన్న నియమానికి అది అతికినట్టు సరిపోయింది. వేమన పద్యాల్లో మకుటం ఆటవెలది చివరి పాదాన్నంతా ఆక్రమిస్తుంది. అంటే చెప్పాల్సిందంతా మూడు పాదాల్లోనే చెప్పాలి. వేమన క్లుప్తతకు ఈ కట్టడి ఒక ముఖ్య కారణం. సీస పద్యంలో పాదాంతాల్లో ఒకే తీరు మాట తిరిగి రావడం శ్రీనాథుడు, పోతన పద్యాల్లో తరచు కనిపిస్తుంది.

పాటలో ఆవృత్తి పల్లవి రూపంలో ఉంటుంది. అన్నమయ్య సంకీర్తనలో, త్యాగరాజ కృతిలో ప్రతి చరణం తర్వాతా పల్లవి తిరిగి వస్తుంది. మాటలు అవే, కానీ చరణం చెప్పినదాన్ని బట్టి వాటి బరువు మారుతుంది. పల్లవికీ అనుపల్లవికీ రెండో అక్షరం కలిపే సంప్రదాయం పద్యం ప్రాసకు పాటలో కొనసాగింపు.

ఒక పద్యం, దగ్గర నుంచి

ఉదాహరణ కోసమే కట్టిన ఆటవెలది ఇది:

పాత పుస్తకముల పరిమళ మందుచు
చదువుకొనెడి వారు చాల మంది
గణము లెక్క పెట్టి గళమెత్తి పాడిన
మాట వెనుక నున్న మనసు తెలియు

ఆటవెలదిలో 1, 3 పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాలకు ఐదూ సూర్యగణాలే. మొదటి పాదం పాత, పుస్త, కముల, పరిమళ, మందుచు. రెండోది చదువు, కొనెడి, వారు, చాల, మంది. మూడోది గణము, లెక్క, పెట్టి, గళమెత్తి, పాడిన. నాలుగోది మాట, వెనుక, నున్న, మనసు, తెలియు. నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం: పా–ప, చ–చా, గ–గ, మా–మ.

ఇంతవరకు లెక్క. ఇక చదువు. మొదటి పాదంలో గణవిభజన ‘పుస్తకముల’ అన్న మాటను రెండుగా కోసింది. గణం ఎక్కడ తెగితే మాట అక్కడ తెగనక్కరలేదు. రెంటికీ మధ్య ఉండే ఈ లాగుడే పద్యాన్ని యాంత్రికం కాకుండా కాపాడుతుంది. నాలుగో పాదానికి వచ్చేసరికి ప్రతి గణమూ ఒక పూర్తి మాట. అందుకే ఆ పాదం సూటిగా, తీర్పులా వినిపిస్తుంది. యతిస్థానాల్లో పడిన జంటలు చూస్తే మూడో పాదంలో ‘గణము–గళము’, నాలుగో పాదంలో ‘మాట–మనసు’ ఉన్నాయి. పద్యం చెప్పదలచుకున్న విషయమంతా ఆ రెండు జంటల్లోనే ఉంది. మూడో పాదంలో ‘గళమెత్తి’ దగ్గర ఐదు మాత్రల సలగణం పడింది; గొంతెత్తే చోట గణం పొడుగు పెరిగింది. నాలుగో పాదం చివర ‘మనసు తెలియు’ ఆరు అక్షరాలూ లఘువులే. పలుకు చకచకా సాగి ముగుస్తుంది. విశ్లేషకుడు చెప్పాల్సినవి ఇవి.

మాత్రల నడక, వచన పద్యం

1910లో గురజాడ ముత్యాల సరాలతో యతిప్రాసల నియమం సడలింది. మూడు, నాలుగు మాత్రల జోడుతో ఏడేసి మాత్రల నడక. 14 మాత్రల పాదాలు మూడు, ఆపైన ఒక పొట్టి పాదం. వృషభగతి రగడ నడక దీనికి దగ్గరిది. శ్రీశ్రీ మహాప్రస్థానంలో మాత్రల నడకకు అంత్యప్రాస, పదాల ఆవృత్తి తోడై కవాతు లాంటి వేగం వచ్చింది. నియమంగా పోయిన యతి అక్కడ అలంకారంగా తిరిగి వచ్చింది.

కుందుర్తి ఆంజనేయులు హైదరాబాదు కేంద్రంగా ఫ్రీవర్స్ ఫ్రంట్ నడిపి వచన కవితకు స్థానం కల్పించాడు. గణాలు లేని ఈ కవితకు లక్షణం ఉందా అన్న ప్రశ్న మీద ఉస్మానియాలో భాషాశాస్త్రం బోధించిన చేకూరి రామారావుకూ, వరంగల్లు పండితుడు కోవెల సంపత్కుమారాచార్యకూ మధ్య జరిగిన వాదం ‘వచన పద్యం: లక్షణ చర్చ’గా ప్రసిద్ధం. వచన కవితలో పాదం ఎక్కడ విరుగుతుంది, ఏ వాక్యనిర్మాణం మళ్ళీ మళ్ళీ వస్తుంది అన్నవే గణాల పని చేస్తాయి. చేరా ‘ముత్యాల సరాల ముచ్చట్లు’ ఛందస్సును భాషాశాస్త్ర దృష్టితో చూపిన మంచి పుస్తకం. సి. నారాయణరెడ్డి ‘ఆధునికాంధ్ర కవిత్వము: సంప్రదాయములు, ప్రయోగములు’ ఈ మార్పులన్నింటినీ కలిపి చూడాలనుకునేవారికి ఆధార గ్రంథం.

గజల్ చేరిక

హైదరాబాదు తెలుగు కవికి ఉర్దూ గజల్ పరాయిది కాదు. దాశరథి గాలిబ్‌ను తెలుగులోకి తెచ్చాడు. నారాయణరెడ్డి తెలుగులోనే గజళ్ళు రాశాడు. గజల్లో రెండు పాదాల జంటను షేర్ అంటారు. ప్రతి షేర్ చివర మారకుండా వచ్చే మాట రదీఫ్. దానికి ముందు కలిసే ధ్వని కాఫియా. ‘పాట ఉంది, మాట ఉంది, తోట ఉంది’ అంటే ‘ఉంది’ రదీఫ్, ‘పాట, మాట, తోట’ కాఫియా. తొలి షేర్ అయిన మత్లాలో రెండు పాదాలకూ ఇవి ఉండాలి. తర్వాతి షేర్లలో రెండో పాదానికి చాలు. తెలుగు ప్రాస పాదం మొదట్లో ముడి వేస్తే, గజల్ చివర్లో ముడి వేస్తుంది. రెండు సంప్రదాయాలూ ఒకే ఊళ్ళో వినిపించడం వల్ల హైదరాబాదు కవుల చెవి రెండు వైపులా పదునెక్కింది.

నారాయణగూడ, చిక్కడపల్లి, దోమలగూడ

నిజాం పాలనలో ఉన్నత విద్య ఉర్దూలో సాగుతున్న కాలంలో తెలుగు పద్యం నిలిచింది సంస్థల పట్టుదల వల్ల. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలిసింది. 1928లో నారాయణగూడలో మాడపాటి హనుమంతరావు పూనికతో ఆంధ్ర బాలికల పాఠశాల మొదలై ఆడపిల్లలకు తెలుగు మాధ్యమంలో చదువు అందింది. 1934లో సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వెలువరించి, ఈ సీమలో కవులు లేరన్న నిందకు పద్యాలతోనే జవాబు చెప్పాడు. 1943లో ఏర్పడిన ఆంధ్ర సారస్వత పరిషత్తు, ఇప్పటి తెలంగాణ సారస్వత పరిషత్తు, ప్రాథమిక, ప్రవేశ, విశారద పరీక్షలు నడిపి వేలమందికి తెలుగు నేర్పింది.

నేడు చిక్కడపల్లిలోని త్యాగరాయ గానసభ సంగీతానికీ, సాహిత్యానికీ కలిపి వేదిక. అవధానం జరిగినప్పుడు ఛందస్సు విశ్లేషణ అందరి ఎదుట, అప్పటికప్పుడు సాగుతుంది. సమస్యాపూరణంలో ఇచ్చిన పాదం వినగానే అవధాని అది ఏ వృత్తమో, యతి ఎక్కడో, ప్రాసాక్షరం ఏదో పోల్చుకోవాలి. ఆ ప్రాసతో మిగతా మూడు పాదాలూ కట్టి, అసంగతంగా తోచిన మాటకు సంగతి కల్పించాలి. నిషిద్ధాక్షరిలో ప్రశ్న అడిగే పృచ్ఛకుడు ఒక్కొక్క అక్షరాన్నీ వద్దంటుంటే, అవధాని ఛందస్సు తప్పకుండా మరో మాట వెతుక్కోవాలి.

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో, అశోక్‌నగర్ శిక్షణ కేంద్రాల్లో పోటీ పరీక్షలకు చదివే యువతరం కనిపిస్తుంది. వారిలో తెలుగు పండిట్, లెక్చరర్ కొలువులకు సిద్ధమయ్యేవారికి ఛందస్సు మార్కుల పాఠం. పాదం ఇచ్చి వృత్తం గుర్తించమనే ప్రశ్నకు గణాలు, యతిస్థానాలు పట్టికగా బట్టీ పడతారు. ఆ పట్టిక అవసరమే. కానీ రేపు వారే బడిలో పద్యం చెప్పాలి. పట్టిక దగ్గర ఆగిపోయిన గురువు పిల్లవాడికి పద్యాన్ని లెక్కల పాఠంగానే అందిస్తాడు. ఆంధ్ర విద్యాలయ కళాశాల, రామకృష్ణ మఠం ఉన్న దోమలగూడ లాంటి చదువుల పేటలో పద్యాన్ని గొంతెత్తి చదివి వినిపించే పెద్దలకు కొదువ లేదు. వారి దగ్గర వినడం పట్టికకు తోడు కావాలి.

కంప్యూటర్ సాయం

గురులఘువులు గుర్తించడం, గణాలు విడదీయడం, పద్యం పేరు చెప్పడం కచ్చితమైన నియమాల పని కనుక కంప్యూటర్ దాన్ని చక్కగా చేస్తుంది. ‘ఛందం’ అనే ఉపకరణం పద్యం ఇస్తే గణవిభజన చేసి యతిప్రాసలు సరిచూస్తుంది. ప్రవాసాంధ్రుల కృషితో 1998 నుంచి వెలువడుతున్న ఈమాట పత్రికలో జెజ్జాల కృష్ణమోహనరావు అరుదైన ఛందస్సుల మీద విస్తారంగా రాశారు. అయితే ఏ మాట యతిస్థానంలో ఎందుకు పడిందో, తిరిగి వచ్చిన పల్లవి రెండోసారి ఎందుకు బరువెక్కిందో మనిషే వినాలి.

విశ్లేషణ క్రమం

కొత్తగా నేర్చుకునేవారికి ఈ వరుస పనికొస్తుంది. ముందు పద్యాన్ని పైకి రెండు మూడు సార్లు చదవాలి. తర్వాత గురులఘువులు గుర్తించి గణాలు విడదీయాలి. పద్యం పేరు తేలాక యతి, ప్రాస సరిచూడాలి. నియమం అడగకుండానే వచ్చిన అనుప్రాసల్ని వేరుగా రాసుకోవాలి. తిరిగి వచ్చిన మాటలు ఏ చోట్ల వచ్చాయో గుర్తించాలి. చివరగా నడక ఎక్కడ మారింది, అక్కడ అర్థంలో ఏం జరిగింది అని అడగాలి. ఈ చివరి ప్రశ్న అడగని విశ్లేషణ కొలతల దగ్గరే ఆగిపోతుంది. పద్యం చెప్పే ప్రతి ఉపాధ్యాయుడూ తరగతిలో ఈ ప్రశ్నకు కొంత సమయం కేటాయించాలి. పిల్లలు ఛందస్సును అప్పుడే ఇష్టంగా నేర్చుకుంటారు.